దివిసీమ ఇంటికి పెద్ద కత్తి: కొనేముందు, కొన్నాక

హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు నుంచి కోడూరు, అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు, గుడివాడ దాకా ఏ ఇంటి పెరట్లోకి వెళ్ళినా చూరులోనో తడికలోనో ఒక పెద్ద కత్తి దోపి కనిపిస్తుంది. బోండాం కొట్టడానికి అదే, గట్టు మీద సర్కారు తుమ్మ నరకడానికీ అదే, ఆదివారం నాటుకోడి ముక్కలు కొట్టడానికీ అదే. కత్తులు పాడవడానికీ, వేళ్ళు తెగడానికీ చాలావరకు ఇదే కారణం. ఈ మధ్య కుర్రాళ్ళు ఫోనులో బొమ్మ చూసి నల్లరంగు పూసిన, వీపున రంపపు పళ్ళున్న ‘అడవి కత్తులు’ తెప్పించుకుంటున్నారు. వాటికి పెట్టే డబ్బులో ఊళ్ళో కొలిమి దగ్గర పనికొచ్చే కత్తులు రెండు చేయించుకోవచ్చని నా అభిప్రాయం. ఎందుకంటారా, చదవండి.

1. ముందు పని చెప్పండి, పొడుగు తర్వాత. “ఆచారి గారూ, పెద్ద కత్తి ఒకటి కావాలి” అంటే పని తెలిసిన కమ్మరి వెంటనే ధర చెప్పడు. “బోండాలకా అండీ, గట్టుకా, మాంసానికా?” అని అడుగుతాడు. ఆయన అడగకపోతే మీరే చెప్పాలి. లేత బోండాం పైతొక్క పచ్చిగా, నారగా ఉంటుంది కనుక దానికి పదును పలచగా, బరువు మొన వైపుకి ఉండాలి. ఎండిన తుమ్మ కర్రకి అదే పలచటి పదును పెడితే నాలుగు దెబ్బలకే అంచు పళ్ళు పళ్ళుగా విరుగుతుంది. ఎముకలు కొట్టడానికి వెడల్పూ బరువూ ముఖ్యం. అక్కడ పదును మరీ సన్నగా ఉండకూడదు.

2. వీపు మందం చూడండి. కత్తి కొనేటప్పుడు అందరూ పొడవు కొలుస్తారు గానీ, అసలు గుట్టు మందంలో ఉంది. గడ్డి, తుంగ, రెల్లు, అరటి బోదె, చెరకు లాంటి పచ్చివాటికి రెండు మూడు మిల్లీమీటర్ల రేకు చాలు. ఇలాంటి కత్తి తేలిగ్గా ఉండి వేగంగా ఆడుతుంది. దక్షిణ అమెరికా తోటల్లో వాడే మాచెటే అంత పొడుగున్నా మందం ఇంచుమించు రెండు మిల్లీమీటర్లే ఉండటానికి కారణం ఇదే. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిన మనవాళ్ళు పట్టిందీ ఇలాంటి పలచటి చెరకు కత్తినే. చెరకు గడలో తీపి మొదట్లోనే ఎక్కువ కాబట్టి నేలబారుగా నరకాలి. బరువు కత్తితో పొద్దస్తమానం వంగి ఆ పని చేయడం మనిషి తరం కాదు. సరుగుడు, తుమ్మ, ఎండు వెదురు లాంటివాటికి ఐదారు మిల్లీమీటర్ల వీపు కావాలి. నేపాలీల కుక్రీ, మలేషియా తోటల్లో తిరిగే పరాంగ్ ఈ తరహావి. పలచటి కత్తి ఎండు కర్రలో ఇరుక్కుపోతుంది, మందపాటి కత్తి గడ్డిని తెంపకుండా పక్కకి వంచుతుంది. రెండూ చేస్తానని చెప్పే కత్తి రెండూ సరిగా చేయదు.

3. మందం వీపు నుంచి అంచు దాకా క్రమంగా తగ్గుతూ రావాలి. చివరి అర అంగుళంలోనే ఒక్కసారిగా చెక్కి పదును తీసిన కత్తి చూడటానికి భారీగా ఉంటుంది గానీ లోపలికి దిగదు. బజారు కత్తుల్లో సగానికి ఈ జబ్బే.

4. ఇంటికి పది పన్నెండు అంగుళాల రేకు చాలు. నిలబడి గట్టు శుభ్రం చేసేవాళ్ళకి పదహారు నుంచి పద్దెనిమిది అంగుళాలది నడుముకి సుఖం. పడవలో వల తాళ్ళు కోయడానికి ఆరు అంగుళాలు దాటితే ఇబ్బందే.

5. పిడి ముందు వేలు పెట్టి తూచండి. కత్తిని అడ్డంగా చూపుడు వేలు మీద నిలబెట్టినప్పుడు పిడి మొదట్లోనే నిలిస్తే అది కూరగాయల కత్తి. నరికే కత్తికి ఆ తూకం పిడి నుంచి రెండు మూడు అంగుళాలు ముందుకి ఉండాలి, అప్పుడు దెబ్బకి కావలసిన బలం సగం కత్తే ఇస్తుంది. మరీ ముందుకి పోతే మాత్రం పది నిమిషాల్లో మణికట్టు లాగేస్తుంది. కొట్లోనే పది సార్లు గాలిలో ఆడించి చూడండి. కొట్టువాడు ఏమనుకుంటాడోనని మొహమాటపడకండి, పక్కన మనుషులు లేకుండా మాత్రం చూసుకోండి.

6. ఇనుము ఎక్కడిదో అడగండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. మన కమ్మరి కొలుముల్లో మంచి కత్తికి వాడేది పాత లారీ కమాను పట్టీ. స్ప్రింగు కోసం చేసిన ఆ ఉక్కులో కర్బనం నూటికి అర శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, ఆపైన కొంచెం వేడి చేసి పెళుసుదనం తగ్గిస్తే దెబ్బకి వంగి మళ్ళీ నిటారవుతుంది. పెద్ద కత్తికి కావలసిన గుణం సరిగ్గా ఇదే. ఇంటి కడ్డీ, కిటికీ చట్రం పట్టీ లాంటి మెత్తని ఇనుములో కర్బనం పావు శాతం ఉండటమే ఎక్కువ. దాన్ని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. ఉదయం నూరితే సాయంత్రానికి మొద్దుబారుతుంది.

కమాను పట్టీకీ ఒక లోపం ఉంది. ఏళ్ళ తరబడి గుంతల్లో ఊగి ఊగి అందులో కంటికి కనపడని పగుళ్ళు పట్టి ఉండొచ్చు. కత్తి తయారయ్యాక వెలుతురులో వాల్చి వెంట్రుకంత గీతలేమైనా ఉన్నాయేమో చూడండి. పిడి దగ్గర రెండు వేళ్ళతో వేలాడదీసి చిన్న ఇనప ముక్కతో తట్టండి. ఖంగుమని మోగితే మంచిది, డబ్బాలా చప్పుడు చేస్తే వద్దు.

7. ఆకురాయి పరీక్ష. అంచు మీద పాత ఆకురాయిని మెల్లగా తోయండి. వెన్నలోకి దిగినట్టు దిగితే ఇనుము మెత్తన, గాజు మీద జారినట్టు పూర్తిగా జారిపోతే మరీ గట్టి. మరీ గట్టిది కూరగాయలకి బాగుంటుంది గానీ తుమ్మ కణుపు తగిలితే పెళ్ళ ఊడుతుంది. కాస్త జారి, కాస్త పట్టేదే నరికే కత్తి.

8. అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. స్టీలు కత్తి అయస్కాంతానికి అంటుకోకపోతే అది గిన్నెలూ పళ్ళాలూ చేసే రకం. దాన్ని కాల్చి ముంచినా గట్టిపడదు. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ వెనకున్న ముక్కయినా ఈ పరీక్షకి చాలు. అంటుకున్నంత మాత్రాన మంచిదని కాదు, అంటుకోకపోతే మాత్రం కొనకండి.

9. స్టెయిన్‌లెస్సా, మామూలు ఉక్కా? సముద్రగాలి తగిలే ఊళ్ళో ఇది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. స్టెయిన్‌లెస్‌లో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది కనుక త్వరగా తుప్పు పట్టదు. అయినా ఉప్పునీటిలో తడిసి ఆరి, మళ్ళీ తడిసిన కత్తికి సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. పాలకాయతిప్ప వైపు ఇళ్ళలో స్టీలు గరిటెలకే మచ్చలు పడుతుంటే కత్తి ఎంత! చేపలకీ పడవకీ స్టెయిన్‌లెస్, గట్టుకీ పెరడుకీ కమాను ఉక్కు అని నేను పంచుకుంటాను. మామూలు ఉక్కుకి తుప్పు పడుతుంది, నిజమే. కానీ గట్టు మీద కూర్చుని ఇసుకరాయి మీద నాలుగు గుంజులు గుంజితే పదునెక్కుతుంది. మొద్దుబారిన స్టెయిన్‌లెస్ పొలంలో అంత త్వరగా దారికి రాదు.

10. అలలు అలలుగా గీతలున్న ‘డమాస్కస్’ కత్తి చూసి మురిసిపోకండి. ఆ పేరుకి కీర్తి తెచ్చిన ఉక్కు మన దేశానిదే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో వాయ్సీ అనే ఆంగ్లేయుడు ఆ కొలుముల తీరు రాసిపెట్టాడు. ఆ ఉక్కులో అలలు లోపలి నుంచే వచ్చేవి. ఇవాళ ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో కొన్ని రెండు రకాల ఉక్కు పొరలు అతికి చేసినవి, చవక రకాల్లో పైన యాసిడ్‌తోనో లేజరుతోనో గీసిన బొమ్మ మాత్రమే ఉంటుంది. గోడకి తగిలించుకోవాలంటే మీ ఇష్టం. బోండాం కొట్టడానికి మాత్రం బొమ్మ అక్కరకు రాదు.

11. పిడి సంగతి. కత్తి చేతిలోంచి జారితే ఎంత మంచి ఉక్కయినా దండగ. రేకు ఇనుము పిడిలోకి ఎంత దూరం దిగిందో అడగండి. రెండు అంగుళాలు దిగి ఆగిపోతే అది కూరగాయలకే. నరికే కత్తికి పిడి చివరిదాకా రావాలి, లేదా కనీసం మూడొంతులు దిగి రెండు రివిట్లు పడాలి. మన పాత పద్ధతిలో లక్క కరిగించి పోసి, పిడి మూతికి ఇనప పొన్ను తొడుగుతారు. పొన్ను లేకపోతే కర్ర నిలువునా చీలుతుంది. తుమ్మ కర్ర పిడికి తిరుగులేదు. ప్లాస్టిక్ పిడి ఎండలో పడి ఉంటే రెండేళ్ళలో పెళుసెక్కుతుంది.

పిడి చివర కొంచెం లావుగానో వంపుగానో ఉండాలి, చేప జిగురు చేతికి ఉన్నప్పుడు ఆ వంపే ఆపుతుంది. పాత సైకిల్ ట్యూబు కోసి బిగుతుగా చుట్టినా పట్టు బాగుంటుంది. ఏడాదికోసారి ఆ ట్యూబు విప్పి చూడండి, దాని కింద చెమ్మ చేరి ఇనుము కుళ్ళుతుంటుంది.

12. చేపలకి పెద్ద కత్తి కొనకండి. కత్తిపీట ఉండగా ఎందుకు? గిలకలదిండి రేవులో గంపలు దిగినచోట చూడండి. కత్తి కదలదు, చేప కదులుతుంది. రెండు చేతులూ చేప మీదే ఉంటాయి కనుక జారే సమస్య సగం తగ్గుతుంది. నేల మీద కూర్చునే ఓపిక ఉన్న ఇంట్లో చేపకి దాన్ని మించిన సాధనం లేదు. కూర్చోలేనివాళ్ళు ఎనిమిది అంగుళాల స్టెయిన్‌లెస్ కత్తీ, మందపాటి పలకా వాడుకోవచ్చు. పని అయ్యాక కత్తిపీట రేకుని గోడ వైపు తిప్పి పెట్టడం మరవకండి. పసిపిల్లలున్న ఇంట్లో దాని మీద బోర్లించడానికి ఒక పాత గంప ఉంచండి.

13. ఆవకాయ ముక్కలకి వేటకత్తి ఎత్తకండి. టెంకతో సహా కొట్టాలంటే చెక్కకి బిగించిన పిడికత్తే ఉండాలి, దాని దెబ్బ ఎప్పుడూ ఒకే చోట పడుతుంది. మామిడి పులుపుకి మామూలు ఉక్కు నల్లబడి ముక్కకి ఆ రంగు అంటుతుంది. పది కాయలకోసారి పొడిగుడ్డతో తుడుస్తూ పోతే సరిపోతుంది.

14. మాంసం కొట్టే మొద్దు చింతదే కావాలి. గట్టిగా ఉంటుంది, పొట్టు లేవదు. సిమెంటు గట్టు మీదా, గ్రానైటు పలక మీదా కొట్టేవాళ్ళకి ఏ కత్తి కొనమని చెప్పినా వృథా.

15. పదును కోణానికి కాగితం చాలు. చదరపు కాగితం మూలను ఒకసారి మడిస్తే నలభై అయిదు డిగ్రీలు, ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర. సానరాయి మీద ఆ మడత ఆనించి, కత్తిని అంతే ఎత్తులో పట్టి నూరండి, నరికే కత్తికి అదే సరైన కోణం. కూరగాయల కత్తికి ఇంకొంచెం వాల్చవచ్చు. ముందు ఒక పక్క నూరితే రెండో పక్కకి సన్నటి ముల్లు లేస్తుంది, వేలు అడ్డంగా రాస్తే తెలుస్తుంది. అప్పుడు పక్క మార్చండి. అంచు పొడుగునా వేలు లాగి పరీక్షించేవాళ్ళని చూస్తే నాకు భయం.

సైకిల్ చక్రంతోనో మోటారుతోనో సాన పట్టేవాళ్ళ దగ్గర ఒక్కటే చూసుకోవాలి. నిప్పురవ్వలు మితిమీరి లేచి, అంచు నీలిరంగుకి తిరిగిందంటే వేడి మూడు వందల డిగ్రీల దరిదాపుకి పోయినట్టే. అక్కడ ఉక్కు మెత్తబడుతుంది. పక్కన నీళ్ళ డబ్బా పెట్టుకుని మాటిమాటికీ ముంచేవాడి దగ్గరే ఇవ్వండి. వరి కొడవలికి కక్కు కొట్టించడం వేరే విద్య, దాన్ని ఈ చక్రం మీద పెట్టనివ్వకండి.

16. ఉప్పు కడగాలి, తడి తుడవాలి, నూనె రాయాలి. ఈ వరసే. చెరువు నీళ్ళలోనో ఉప్పుటేటిలోనో కడిగి వదిలేస్తే కడగనట్టే లెక్క. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న ఊళ్ళలో తాగే నీళ్ళు ఒక చెంబెడు పోయండి. పూయడానికి కొబ్బరినూనె బంగారం. అవతల కూరలోకి వెళ్ళే కత్తికి ఇంజను నూనె పూసేవాళ్ళు దయచేసి మానండి. దసరాకి ఆయుధపూజలో తడి పసుపూ కుంకుమా పెట్టి మూడు రోజులు వదిలేస్తారు, బొట్టు ఉన్నచోటే తుప్పు మచ్చ తేలుతుంది. పూజయిన మర్నాడే తుడిచి నూనె రాస్తే అమ్మవారికేం కోపం రాదు.

17. తోలు ఒర అందంగా ఉంటుంది గానీ చెమ్మ పట్టి ఉంచుతుంది. దాన్ని ప్రయాణానికే వాడి, ఇంట్లో నూనెగుడ్డ చుట్టి పెట్టండి. చవకగా కావాలంటే పీవీసీ పైపు ముక్కని మరిగే నీళ్ళలో ఉంచి మెత్తబడ్డాక రెండు పలకల మధ్య అదిమితే చక్కని ఒర తయారవుతుంది. కింద ఒక చిల్లు పెడితే నీరు కారిపోతుంది.

18. గట్టు నరికేటప్పుడు ఎడమ చేతిలో కొక్కెపు కర్ర ఉండాలి. కొమ్మని చేత్తో పట్టి నరకడం తప్పు, కర్రతో లాగి నరకాలి. కత్తి మీ కాళ్ళ వైపు కాకుండా పక్కకి పోయేలా నిలబడండి. గడ్డి లోపలికి ముందు కర్ర వెళ్ళాలి, ఆ తర్వాతే చెయ్యి. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎంత బెంబేలెత్తించాయంటే మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. కాటు పడితే ఆ కత్తితోనే గాయం కోసి రక్తం పిండడం, గట్టిగా కట్టు కట్టడం ప్రాణానికే ప్రమాదం. కాటు పడ్డ కాలు కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా వెంటనే ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. విరుగుడు మందు అక్కడ ఉంటుంది.

ఉప్పుటేటి గట్టున తిల్ల చెట్టుంటే కత్తి పెట్టకండి. దాని తెల్లపాలు చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు.

19. తుఫాను తర్వాత. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ఊళ్ళకి దారి మీద పడ్డ చెట్టంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పడిపోయిన కొబ్బరి చెట్టుని కత్తితో నరకాలని కూర్చోకండి. దాని పైపొర రాయిలా ఉంటుంది, లోపలే మెత్తన. రంపమో గొడ్డలో తెచ్చుకోండి, కత్తి మట్టలకీ కొమ్మలకీ మాత్రమే. వంగి బిగుసుకున్న కొమ్మ తెగగానే ఎగిరి కొడుతుంది. అది ఎగిరే వైపు నిలబడకుండా, వంపు లోపలి పక్క ముందు చిన్న గాటు పెట్టి, ఆ తర్వాతే బయటి పక్క కొద్దికొద్దిగా తెంపండి. ఏ కొమ్మ కింద కరెంటు తీగ ఉందో చూసుకున్నాకే మొదటి దెబ్బ వేయండి.

20. మడ అడవిలోకి కత్తి తీసుకెళ్ళకండి. హంసలదీవి పక్కనున్న మడ కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళకూడదు, ఆ చట్టం చెప్పిన ఆయుధాల జాబితాలో కత్తి కూడా ఉంది. “పుల్లలకోసమేనండీ” అన్నా చెల్లదు, పచ్చి మడ కొమ్మ నరకడం మరో నేరం. ఉప్పెన జోరుని కొంత తగ్గించేది ఆ చెట్లేనని తీరం జనానికి వేరే చెప్పాలా? మాఘ పౌర్ణమికి సాగర సంగమంలో స్నానానికి వచ్చి రాత్రి ఉండేవాళ్ళు కట్టెలు వెంట తెచ్చుకోండి, లేదా చిన్న గ్యాసు పొయ్యి తెచ్చుకోండి. కూరగాయలకి ఒక చిన్న చాకు సరిపోతుంది, అదీ బస దగ్గర ఉంచి సంగమానికి బయల్దేరండి.

21. రోడ్డు మీద తీసుకెళ్ళేటప్పుడు చట్టం గుర్తుంచుకోండి. 2016 ఆయుధాల నియమావళి 9 అంగుళాలకి మించి పొడుగు, లేదా 2 అంగుళాలకి మించి వెడల్పున్న కత్తుల్ని ఆయుధాల లెక్కలో వేసింది. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకీ తయారైన వాటిని మాత్రం వదిలేసింది. మచ్చుకత్తి, కొడవలి, బోండాల కత్తి ఆ మినహాయింపులోకి వస్తాయి. రెండు వైపులా పదునున్న బాకు రకాన్ని పొలం పనికని చెబితే ఏ పోలీసూ నమ్మడు. కొన్న కత్తిని బందరు నుంచి బస్సులో తెచ్చేటప్పుడు అట్టముక్క మధ్య పెట్టి, గోనె చుట్టి, తాడు బిగించి సంచి అడుగున పెట్టండి. బిల్లు జేబులో ఉంచండి. కండక్టరు అడిగితే దాచకుండా చెప్పండి. ఊరేగింపులున్న రోజుల్లో, ఎన్నికల రోజుల్లో మాత్రం ఆ పని వాయిదా వేయండి.